గరివిడి రాయి, గ్రైఫ్స్‌వాల్డ్ అయస్కాంతం



చీపురుపల్లిలో రైలెక్కి విజయనగరం వైపు బయల్దేరితే ముందుగా వచ్చే స్టేషను గరివిడి. ఆ చుట్టుపక్కల కోడూరు, గర్భాం లాంటి పేర్లు వింటే ఈ ప్రాంతం వాళ్ళకు మొదట గుర్తొచ్చేది మాంగనీసు. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఇక్కడ, 1892లో. అప్పటికి ఇదంతా విశాఖపట్నం జిల్లా. కోడూరు దగ్గర దొరికిన ఒక వింత శిలకు కోడూరైట్ అని పేరు పెట్టి, భూగర్భశాస్త్రం చదివే వాళ్ళ నోట ఆ ఊరి పేరు పలికించినవారు లూయిస్ లీ ఫెర్మార్. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఈ ఇంగ్లీషు శాస్త్రవేత్త, దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద 1909లో వెయ్యి పేజీలు దాటిన గ్రంథం ప్రచురించారు.

గనిలో పనిచేసిన వాళ్ళకు మాంగనీసు రాయి అంటే చేతికి అంటుకునే నలుపు, తట్ట ఎత్తితే తెలిసే బరువు. దానికి అయస్కాంతం అంటుకుంటుందని ఎవరూ అనుకోరు. మామూలుగా అంటుకోదు కూడా. కానీ ఫెర్మార్ వర్ణించిన ఖనిజాల్లో ఒకటి అయస్కాంతాన్ని గట్టిగా పట్టుకునేది. తనతో పాటు అదే సంస్థలో పనిచేసిన వ్రెడెన్‌బర్గ్ పేరు మీద దాన్ని వ్రెడెన్‌బర్గైట్ అన్నారు. అది దొరికిన చోట్లలో ఒకటి నాగపూర్ దగ్గరి బెల్డోంగ్రి, రెండోది మన గరివిడి. తరువాతి కాలంలో దాన్ని అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూసినవాళ్ళు, అందులో రెండు ఖనిజాలు పొరలుపొరలుగా అల్లుకుని ఉన్నాయని తేల్చారు. ఆ రెంటిలో జాకబ్‌సైట్ అనేది ఇనుము, మాంగనీసు, ఆక్సిజన్ కలిసిన ఫెర్రైట్. అయస్కాంత గుణం దానిదే. ఈ ప్రసంగాన్ని మీరు పాత ట్రాన్సిస్టర్లో వింటున్నట్లయితే, దాని లోపల సన్నటి రాగితీగ చుట్టిన నల్లటి కడ్డీ ఒకటి ఉంటుంది. అదీ ఫెర్రైటే. ఆ జాతి పదార్థాలు చాలావాటిలో మాంగనీసు ఉంటుంది.

ఇదే మాంగనీసును ఉక్కులో ఎక్కువ పాళ్ళలో కలిపితే కథ తిరగబడుతుంది. 1882లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ అనే యువకుడు ఉక్కులో 12, 13 శాతం దాకా మాంగనీసు కలిపి చూశాడు. గట్టి ఉక్కు వచ్చింది గానీ, దానికి అయస్కాంతం అంటుకోవడం లేదు. ఇనుములో పరమాణువులు పేర్చుకునే తీరును మాంగనీసు మార్చేస్తుంది. ఆ కొత్త పేర్పులో ఇనుము తన అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది. 1950లలో గరివిడి శ్రీరామ్‌నగర్‌లో వచ్చిన ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీ చేసినదీ ఉక్కు మిల్లులకు మాంగనీసు అందించే పనే.

ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సుకు వెళదాం. అక్కడ భారత్‌తో సహా ఎన్నో దేశాలు కలిసి కడుతున్న ఐటర్ అనే సంలీన రియాక్టర్ నడిమధ్యన ఒక పెద్ద తీగచుట్టల స్తంభం నిలబెడుతున్నారు. దాని లోపల 13 టెస్లాల అయస్కాంత క్షేత్రం పుట్టాలి. ఆ తీగకు వేసిన ఉక్కు తొడుగులో మాంగనీసు 22 శాతం. జపాన్ వాళ్ళు దీనికోసమే తయారుచేసిన మిశ్రమం అది. మన గరివిడి మాంగనీసు అక్కడి దాకా వెళ్ళిందని నేను అనడం లేదు. చెప్పదలచుకున్నది వేరు. ప్రపంచంలోకెల్లా పెద్ద అయస్కాంతాల్లో ఒకటి కడుతూ, దాని కోసం అయస్కాంతానికి అంటుకోని ఉక్కును పనిగట్టుకుని తయారుచేశారు. ఎందుకంటే అక్కడ క్షేత్రం బలంగా ఉండటంతో పని పూర్తికాదు. లెక్క వేసినచోట లెక్క వేసినంతే ఉండాలి. ఉందో లేదో కొలిచి తెలుసుకోవాలి. ఆ కొలత గురించే ఈ ప్రసంగం.

సంలీనం అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. మనకు దగ్గర్లో రణస్థలం మండలం కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం విచ్ఛిత్తి పద్ధతిది. అందులో బరువైన యురేనియం కేంద్రకం చీలుతుంది. సంలీనం దీనికి ఎదురు దారి. తేలికైన హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతాయి. సూర్యుడిలో జరిగేది అదే. భూమి మీద అది జరగాలంటే వాయువును 15 కోట్ల డిగ్రీల దాకా వేడి చేయాలి. ఆ వేడికి పరమాణువులు చెదిరి, ఎలక్ట్రాన్లు, కేంద్రకాలు విడివిడిగా తిరిగే ప్లాస్మా తయారవుతుంది. దాన్ని ఏ పాత్రా మోయలేదు. అయితే ప్లాస్మాలోని ప్రతి రేణువుకూ విద్యుదావేశం ఉంది కాబట్టి, అది అయస్కాంత రేఖ చుట్టూ మెలికలు తిరుగుతూ ఆ రేఖ వెంబడే పోతుంది. రేఖలను వలయంగా చుట్టి మూస్తే రేణువులు గోడను తాకకుండా అందులోనే తిరుగుతాయి. ఇంతవరకే సూత్రం. 1955లో జెనీవా సదస్సులో అధ్యక్షస్థానం నుంచి హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో ఈ శక్తిని అదుపులోకి తెచ్చే దారి దొరుకుతుందని జోస్యం చెప్పారు. అంతటి మనిషి అంచనా ఎందుకు తప్పిందంటే, నా ఉద్దేశంలో, ప్లాస్మా ఎంత పెంకిదో అప్పటికి ఎవరూ దగ్గరగా చూడలేదు. క్షేత్రంలో పదివేలలో ఒక వంతు తేడా ఉన్నా అది పసిగడుతుంది.

ఆ పదివేలలో ఒక వంతు అనే మాట గుర్తుంచుకోండి. తరువాత పనికొస్తుంది.

ఐటర్‌లో వలయం చుట్టూ నిలబెట్టే అయస్కాంతాలు 18. ఒక్కోటి 17 మీటర్ల ఎత్తు, ఇంగ్లీషు డి అక్షరం ఆకారం. నియోబియం, తగరం కలిసిన అతివాహక తీగతో చుట్టారు. ద్రవ హీలియం చలిలో, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర, ఆ తీగకు విద్యుత్ నిరోధం ఉండదు. 68,000 ఆంపియర్ల కరెంటు వేడి పుట్టించకుండా పారుతుంది. తీగ దగ్గర క్షేత్రం 11.8 టెస్లాలు, ప్లాస్మా నడుమ 5.3. ఆస్పత్రుల్లో ఎమ్మారై యంత్రాలు ఎక్కువగా ఒకటిన్నర టెస్లావి. 11.8 టెస్లాల క్షేత్రం తీగచుట్టను బయటికి నెట్టే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అరటన్ను దాటుతుంది. ఆ 18 అయస్కాంతాల్లో నిలవ ఉండే శక్తి 41 గిగాజౌళ్ళు. మన మీటరు లెక్కలో సుమారు 11,400 యూనిట్లు. వినడానికి పెద్ద సంఖ్యలా లేదు. కానీ ఏదైనా తేడా వస్తే అంతా సెకన్లలోనే బయటికి లాగేయాలి.

ఇక్కడ కాలేజీ పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. తీగ ఆకారం తెలుసు, అందులో కరెంటు ఎంతో తెలుసు. బయో, సావర్ట్ సూత్రం ఇంటర్మీడియట్ పుస్తకంలోనే ఉంది. లెక్క వేస్తే క్షేత్రం వచ్చేస్తుంది కదా, మళ్ళీ కొలవడం ఎందుకు?

ఎందుకంటే మనకు తెలిసింది గీసిన ఆకారం. కట్టిన ఆకారం వేరు. మామూలు వేడి నుంచి మైనస్ 269కి చల్లబరిస్తే ఉక్కు వెయ్యికి మూడు పాళ్ళు ముడుచుకుంటుంది. 17 మీటర్ల అయస్కాంతంలో అది అయిదు సెంటీమీటర్లు. కరెంటు పెట్టగానే ఇందాక చెప్పిన ఒత్తిడికి అది ఉబ్బుతుంది, పక్క అయస్కాంతాల లాగుడుకు వంగుతుంది. 18 అయస్కాంతాలూ ఒకేలా వంగవు. చుట్టూ ఉన్న కట్టడంలో ఇనుము ఉంటుంది. కొత్తగా వస్తున్న అధిక ఉష్ణోగ్రత అతివాహకాలతో ఇంకో తంటా ఉంది. 2021 సెప్టెంబరులో అమెరికాలో ఎమ్.ఐ.టి., కామన్వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ కలిసి 267 కిలోమీటర్ల అతివాహక టేపుతో చేసిన అయస్కాంతంలో 20 టెస్లాలు సాధించారు. గొప్ప విజయం. అయితే ఆ రకం టేపులు వెడల్పుగా ఉంటాయి. వాటిలో మనం పంపిన కరెంటుతో పాటు, క్షేత్రం మారినప్పుడు టేపులోనే సుడులుగా పుట్టి చావకుండా తిరిగే కరెంట్లు కొన్ని ఉంటాయి. అవి తమ క్షేత్రాన్ని కలుపుతాయి, గంటల తరబడి నెమ్మదిగా మారుతూ ఉంటాయి. ఆమ్మీటరు చూసి క్షేత్రం చెప్పే రోజులు ఆ అయస్కాంతంతో చెల్లవు.

సరే, కొలవాలి. ఎలా? అన్నిటికంటే పాత పద్ధతి ఫారడేది. చిన్న తీగచుట్ట పెట్టండి. దాని గుండా పోయే క్షేత్రం మారితే చుట్టలో వోల్టేజీ పుడుతుంది. ఆ వోల్టేజీని క్షణక్షణం కూడుతూ పోతే క్షేత్రం మొత్తం ఎంత మారిందో తెలుస్తుంది. కూడే పరికరం పేరు ఇంటిగ్రేటర్. తీగచుట్ట చవక, మొండిది, వేడికీ రేడియేషన్‌కూ తట్టుకుంటుంది. అందుకే ప్రపంచంలోని ప్రతి టోకమాక్, అంటే ఐటర్ జాతి వలయ యంత్రం, లోపలి గోడ మీద ఇలాంటి చుట్టలు వరసలు వరసలుగా ఉంటాయి. ఐటర్‌లో అయస్కాంత కొలతకు పెట్టే సెన్సార్లు అన్నీ కలిపి వెయ్యికి మించుతాయి.

దీని లోపం కూడికలోనే ఉంది. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం, 100 చుట్లు ఉన్న తీగచుట్టను తీసుకుందాం. 5.3 టెస్లాల క్షేత్రం సున్నా నుంచి పైకి వచ్చేసరికి దానిలో కూడిన మొత్తం 0.053 వోల్ట్-సెకన్లు. ఎక్కడో ఒక జాయింటు కాస్త వెచ్చబడి ఒక్క మైక్రోవోల్టు, అంటే వోల్టులో పది లక్షల వంతు, అదనంగా పుట్టిందనుకోండి. ప్రయోగం ఒక సెకనులో అయిపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. వెయ్యి సెకన్లు నడిస్తే ఆ అబద్ధపు వోల్టేజీ కూడి కూడి 0.001 వోల్ట్-సెకన్లు అవుతుంది. అంటే కొలతలో రెండు శాతం తప్పు. పదివేలలో ఒకటి కావాలన్నచోట వందలో రెండు! చైనాలోని ఈస్ట్ యంత్రం 2025 జనవరిలో ప్లాస్మాను 1,066 సెకన్లు నిలిపింది. నెల తిరక్కుండానే ఫ్రాన్సులోని వెస్ట్ దాన్ని 1,337 సెకన్లకు పెంచింది. రికార్డులు చదివి మనం సంతోషిస్తాం. ఇంటిగ్రేటర్ చేసేవాళ్ళకు మాత్రం ప్రతి రికార్డూ కొత్త తలనొప్పి. దానికి తోడు రియాక్టర్లో గామా కిరణాలు తగిలి తీగలోంచి ఎలక్ట్రాన్లు ఊడివచ్చి, అవీ దొంగ వోల్టేజీలు పుట్టిస్తాయి.

కూడిక అక్కర్లేని కొలత ఏదైనా ఉందా? ఉంది. 1879లో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి పలుచటి బంగారు రేకు గుండా కరెంటు పంపుతూ, దాన్ని అయస్కాంత ధ్రువాల మధ్య పెట్టినప్పుడు రేకుకు అడ్డంగా వోల్టేజీ కనిపెట్టాడు. ఎలక్ట్రాన్లు ఒక అంచుకు నెట్టబడటం వల్ల అలా జరుగుతుంది. వోల్టేజీ ఎంతో చూస్తే ఆ క్షణానికి క్షేత్రం ఎంతో తెలుస్తుంది, పాత బాకీ ఏమీ ఉండదు. సెల్‌ఫోన్ కవరు మూస్తే తెర ఆరిపోవడానికీ, ఎలక్ట్రిక్ స్కూటరు మోటారు తిరగడానికీ ఇలాంటి హాల్ సెన్సార్లే ఆధారం. వాటిని అర్ధవాహకాలతో చేస్తారు. సంలీన రియాక్టర్లో ఇవి బతకవు. ఇండియంతో చేసిన సెన్సారుకు న్యూట్రాన్లు తగిలితే ఇండియం కాస్తా తగరంగా మారిపోతుంది. కొలిచే పదార్థమే వేరే పదార్థం అయిపోతే కొలతకు విలువేముంది? అందుకని ఐటర్ పాత్ర బయటి గోడకు బిస్మత్ లోహంతో చేసిన హాల్ సెన్సార్లు పెడుతున్నారు. చెక్ దేశంలోని ప్రాగ్ శాస్త్రవేత్తలు వాటిని రూపొందించారు. బిస్మత్ ఇచ్చే వోల్టేజీ అర్ధవాహకం కంటే చాలా తక్కువ, వేడి మారితే అదీ మారుతుంది. అయినా అదే కావాలి, ఎందుకంటే ఏళ్ళ తరబడి తన గుణం మార్చుకోదు.

మూడో పద్ధతి రేడియో శ్రోతలకు నచ్చుతుంది. ప్రోటాను, అంటే హైడ్రోజన్ కేంద్రకం, ఏ అయస్కాంత క్షేత్రంలో ఉంటే ఆ క్షేత్రానికి తగిన వేగంతో తన అక్షాన్ని తిప్పుతుంది. ఒక టెస్లాకు సెకనుకు 4 కోట్ల 25 లక్షల చిల్లర సార్లు. రేడియో భాషలో చెప్పాలంటే 42.58 మెగాహెర్ట్జ్. మనం వినే ఎఫ్.ఎం. బ్యాండు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ కదా. లెక్క వేస్తే రెండు నుంచి రెండున్నర టెస్లాల క్షేత్రంలో ఉన్న నీటిచుక్కలోని ప్రోటాన్లు సరిగ్గా ఎఫ్.ఎం. బ్యాండులో పలుకుతాయి. భూమి క్షేత్రం చాలా బలహీనం. మన ఉత్తరాంధ్రలో సుమారు 43 మైక్రోటెస్లాలు. అందులో ప్రోటాన్ల శ్రుతి సెకనుకు దాదాపు 1,800. అది చెవికి వినబడే శ్రుతే. ఖనిజాల అన్వేషణలో భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తూ తిరిగే ప్రోటాన్ మాగ్నెటోమీటర్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. శ్రుతిని లెక్కపెట్టడం కంటే కచ్చితమైన కొలత భౌతికశాస్త్రంలో దాదాపు లేదు.

కేంద్రకాలను రేడియో తరంగాలతో పలకరించే ఈ విద్యకు మన దగ్గర పాత చుట్టరికం ఉంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర ప్రయోగశాలలను తీర్చిదిద్దిన కోచెర్లకోట రంగధామరావు గారు వర్ణపట శాస్త్రంలో పేరు పొందినవారు. న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్ అనే పరిశోధన మన దేశంలో వేళ్ళూనడంలో ఆయన పాత్ర పెద్దది. అందులో బయటి అయస్కాంతం కూడా అక్కర్లేదు, స్ఫటికంలోని సొంత విద్యుత్ క్షేత్రమే కేంద్రకాన్ని పలికిస్తుంది. అదీ రేడియో శ్రుతుల్లోనే.

అంత కచ్చితమైన ప్రోటాన్ పద్ధతి టోకమాక్ అయస్కాంతంలో ఎందుకు వాడరు? ప్రోటాన్లన్నీ ఒకే శ్రుతిలో పలకాలంటే క్షేత్రం అంతటా సమానంగా ఉండాలి. టోకమాక్‌లో వలయం మధ్యవైపు క్షేత్రం ఎక్కువ, బయటివైపు తక్కువ. వేలి మందంలోనే మారిపోతుంది. ఒక్కో ప్రోటానుదీ ఒక్కో శ్రుతి అయ్యేసరికి ఏదీ వినబడదు. అందుకని ప్రోటాన్ ప్రోబు ప్రయోగశాలలోనే ఉండి, హాల్ సెన్సార్లకు కొలత సరిచూసే పెద్దరికం చేస్తుంది. ముంబైలోని కొలాబా భూఅయస్కాంత అబ్జర్వేటరీ కథ కూడా ఇలాంటిదే. ఊళ్ళోకి రాబోతున్న కరెంటు ట్రాముల వల్ల కొలత చెడుతుందని, 1904లో పని అలీబాగ్‌కు మార్చారు. అక్కడి గదులను అయస్కాంత గుణం లేని పోరుబందరు ఇసుకరాతితో కట్టారు. కొలత సూక్ష్మమయ్యే కొద్దీ పరికరం కంటే పరిసరాల గురించే ఎక్కువ ఆలోచించాలి.

ఇక ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. జర్మనీ ఈశాన్య మూల, బాల్టిక్ సముద్రానికి దగ్గర, గ్రైఫ్స్‌వాల్డ్ అనే పట్టణం. అక్కడ మాక్స్ ప్లాంక్ ప్లాస్మా భౌతిక సంస్థ వాళ్ళు కట్టిన యంత్రం వెండెల్‌స్టైన్ 7-ఎక్స్. ఇది టోకమాక్ జాతిది కాదు, స్టెల్లరేటర్. దీని 70 అతివాహక అయస్కాంతాల్లో 20 మామూలు చదును చుట్టలు. మిగిలిన 50 మూడున్నర మీటర్ల ఎత్తున, ఎవరో చేత్తో మెలిపెట్టి వదిలేసినట్టు ఉంటాయి. ఆ వంకర్లన్నీ కంప్యూటరు లెక్కకట్టినవి. క్షేత్రాన్ని తీర్చిదిద్దే పనంతా ఆ వంకర్లదే కాబట్టి, ఒక్కటి చోటు తప్పినా యంత్రం కట్టిన ప్రయోజనమే పోతుంది.

ప్లాస్మా పుట్టించడానికి ముందే, 2015 వేసవిలో, క్షేత్రం సరిగ్గా ఉందో లేదో చూశారు. పాత్రలో గాలి తీసేసి, అయస్కాంతాల్లో కరెంటు పెట్టి, లోపల ఒకచోట నుంచి సన్నటి ఎలక్ట్రాన్ పుంజాన్ని రేఖ వెంబడి వదిలారు. ఎలక్ట్రాన్ అయస్కాంత రేఖను వదిలిపోలేదు. గానుగెద్దులా వలయం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ప్రతి చుట్టుకూ కాస్త పక్కకు జరిగిన బాట పడుతుంది. దారిలో ఒకచోట మెరిసే పూత పూసిన కడ్డీని నెమ్మదిగా ఊపుతూ, కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచారు. ఎలక్ట్రాన్ తగిలిన ప్రతి చోటా ఒక మెరుపు చుక్క. పదుల చుట్లు తిరిగేసరికి చుక్కలన్నీ కలిసి మూసుకున్న వంకర గీత అయ్యాయి. పుంజం వదిలే చోటు మార్చితే లోపల ఇంకో గీత, దానిలోపల మరొకటి. పెద్ద కంప్యూటర్లు గీసిన బొమ్మను క్షేత్రం తనంతట తాను ఫోటోలో గీసి చూపించింది.

అక్కడితో ఆగలేదు. రేఖ రెండు చుట్లు తిరిగేసరికి సరిగ్గా బయల్దేరిన చోటికే వచ్చేలా క్షేత్రాన్ని సర్ది, మళ్ళీ చూశారు. ఆ అమరికలో అయస్కాంతాల చోటులో ఎంత చిన్న తప్పున్నా ప్రతి చుట్టులోనూ అదే వైపుకు పడి, పేరుకుని, పెద్దదై కనబడుతుంది. మామూలుగా దొరకని తప్పు అక్కడ దాక్కోలేదు. పక్కనున్న సవరణ చుట్టల్లో తెలిసినంత క్షేత్రం కావాలని కలిపి, దాని పక్కన అసలు తప్పు ఎంతో బేరీజు వేశారు. 2016 నవంబరులో ఫలితం ప్రచురించారు. తేడా లక్షలో ఒక వంతు కంటే తక్కువ. ఈ యంత్రం క్షేత్రం రెండున్నర టెస్లాలు. దానిలో లక్షో వంతు అంటే 25 మైక్రోటెస్లాలు. మన కాళ్ళ కింది భూమి క్షేత్రం అంతకంటే ఎక్కువ. దిక్సూచి ముల్లును కదిపే బలం కంటే చిన్న తప్పును ఆ రాక్షస అయస్కాంతంలో వెతికి పట్టుకున్నారు! ఈ యంత్రం మొదటి హీలియం ప్లాస్మా 2015 డిసెంబరులో పుట్టింది. 2016 ఫిబ్రవరిలో హైడ్రోజన్ ప్లాస్మాకు మీట నొక్కింది అప్పటి చాన్సలర్ ఆంగెలా మెర్కెల్. ఆమె భౌతికశాస్త్రం చదివిన మనిషే. పత్రికలన్నీ ఆ మీట ఫోటో వేశాయి. నేనైతే చుక్కల గీతల ఫోటో వేసేవాణ్ణి.

మళ్ళీ ఉక్కు దగ్గరికి వద్దాం, ఈసారి హైదరాబాదు. రియాక్టర్ లోపల న్యూట్రాన్ల దెబ్బ తినే భాగాలకు నికెల్ ఎక్కువ ఉన్న ఉక్కులు పనికిరావు. న్యూట్రాన్లు వాటిని చాలాకాలం రేడియోధార్మికంగా మార్చేస్తాయి. అందుకు వేరే జాతి ఉక్కు కావాలి. మన దేశానికి అలాంటి ఉక్కును కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం రూపొందిస్తే, కరిగించి పోసింది హైదరాబాదులోని మిధానీ లోహ కర్మాగారం. మంచి ఉక్కు. చిక్కల్లా ఒకటే, దానికి అయస్కాంతం అంటుకుంటుంది. అలాంటి ఉక్కు దిమ్మను ప్లాస్మా పక్కన పెడితే క్షేత్రం అక్కడ గుంట పడుతుంది. అమెరికాలోని డి.త్రీ.డి. యంత్రంలో 2009లో ఇందుకోసమే ఒక పరీక్ష చేశారు. ఉక్కు దిమ్మ చేసే అల్లరిని అనుకరించే చుట్టలను పక్కన పెట్టి చూస్తే, ప్లాస్మా తిరిగే వేగం తగ్గింది. ఒక దోషం పోగొట్టే ఉక్కు ఇంకో దోషం తెస్తుందన్నమాట. ఐటర్‌లో క్షేత్రం తప్పులు దిద్దడానికి ప్రత్యేకంగా 18 సవరణ అయస్కాంతాలు పెట్టింది ఊరికే కాదు.

క్షేత్రం కొలతతో పాటు చెప్పుకోవలసిన ఇంకో కొలత ఉంది, ఇది ప్రాణరక్షణ కొలత. అతివాహక తీగలో ఎక్కడైనా ఒక చోట చలి తగ్గితే అక్కడ నిరోధం పుడుతుంది, వేడెక్కుతుంది, ఆ వేడికి పక్క భాగమూ చెడుతుంది. దాన్ని క్వెంచ్ అంటారు. మొదట్లో కనబడే గుర్తు వోల్టులో పదో వంతు వోల్టేజీ. కానీ ప్లాస్మా కదిలినా, పక్క చుట్టలో కరెంటు మారినా, ఇందాక చెప్పిన ఫారడే సూత్రం ప్రకారం ఈ తీగలో దానికి ఎన్నో రెట్లు వోల్టేజీ పుడుతుంది. నిజమైన ఆపదను ఆ హోరులోంచి విడదీయాలి. అందుకోసం అసలు తీగ వెంటే ఇంకో సన్నటి తీగను చుడతారు. క్షేత్రం మారితే రెంటిలోనూ ఒకే వోల్టేజీ పుడుతుంది, తీసివేస్తే సున్నా. సున్నా కాకుండా మిగిలిందంటే అది క్వెంచే. వెంటనే కరెంటు బయటికి లాగేయాలి. సంలీనానికి సంబంధించినది కాకపోయినా, 2008 సెప్టెంబరు 19న జెనీవా దగ్గర సెర్న్ యంత్రంలో ఏం జరిగిందో తెలుసుకోవడం మంచిది. రెండు అతివాహక అయస్కాంతాల మధ్య ఒక్క అతుకు సరిగ్గా లేక, టన్నుల కొద్దీ హీలియం సొరంగంలోకి చిమ్మింది. 50కి పైగా అయస్కాంతాలను బయటికి తీయాల్సి వచ్చింది.

మన దేశం ఈ పాఠం సొంతంగానే నేర్చుకుంది. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో ఎస్.ఎస్.టి.-1 అనే అతివాహక టోకమాక్ ఉంది. నియోబియం, టైటానియం తీగతో చుట్టిన 16 డి ఆకారపు అయస్కాంతాలు. మొదట కూర్చి చల్లబరిచినప్పుడు అతుకుల దగ్గర హీలియం కారింది. అంతా విప్పి, ఈసారి ఒక్కో అయస్కాంతాన్నీ విడిగా చల్లబరిచి, 10,000 ఆంపియర్ల కరెంటు పంపి, అతుకుల నిరోధాన్ని ఓమ్‌లో వందకోట్ల వంతుల్లో కొలిచి, నిలబడ్డాకే యంత్రంలో కూర్చారు. 2013లో అందులో ప్లాస్మా పుట్టింది. ఆలస్యం అయిందని అప్పట్లో విమర్శించినవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం ఆ విప్పి కూర్చిన ఏళ్ళే ఆ ప్రాజెక్టులో అందరికీ పనికొచ్చే భాగం అనిపిస్తుంది.

గ్రైఫ్స్‌వాల్డ్ వాళ్ళు తమ 70 అయస్కాంతాలనూ ఒక్కటి వదలకుండా పారిస్ దగ్గరి సాక్లేకు పంపి, చలిలో కరెంటుతో పరీక్షించి తెచ్చుకున్నారు. ఐటర్ అయస్కాంతాలు మరీ పెద్దవి. పూర్తి చలిలో పూర్తి కరెంటుతో ఒక్కోటీ పరీక్షించడం ఖర్చుతో కూడిన పని అని మొదట ఆ ఆలోచన పక్కన పెట్టారు. ఐరోపాలో తయారైన వాటిని మైనస్ 190 డిగ్రీల ప్రాంతం దాకా చల్లబరిచి చూసి పంపారు. అంతటి చలిలో కూడా నియోబియం, తగరం తీగ అతివాహకం కాదు. 2024లో కార్యక్రమాన్ని మళ్ళీ లెక్కవేసి, ప్రయోగాల ఆరంభం 2034కు, పూర్తి అయస్కాంత శక్తి 2036కు జరిపినప్పుడు, ఐటర్ మనసు మార్చుకుంది. ప్రాంగణంలోనే చలి పరీక్షశాల పెట్టి, కూర్చేలోపు కొన్ని పెద్ద అయస్కాంతాలను మైనస్ 269కి తెచ్చి కరెంటుతో పరీక్షించాలని నిర్ణయించింది. అన్నిటినీ కాదు, కొన్నిటినే. ఒకసారి కూర్చాక, ఏ అయస్కాంతంలో తప్పున్నా దాన్ని బయటికి తీయాలంటే ఏళ్ళు పడుతుంది. ఎన్నిటిని పరీక్షిస్తే మిగతావాటిని నమ్మవచ్చు అనేది ఇప్పుడు అక్కడి ఇంజనీర్ల ముందున్న లెక్క. నన్నడిగితే గాంధీనగర్ లెక్కే చెబుతాను.